నా పెళ్లిని నేనే పబ్లిష్ చేసుకున్న వైనం

నా నిశ్చితార్థం ఎట్లా ఆగిందని అందరూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు. చాయ్ తెప్పించండి, ఒకేసారి చెప్పేస్తా.

రెండేళ్లుగా రాయచూరు, ముదగల్ పాత వ్యాపారుల జీవిత వివరాలు ఇంటింటికీ తిరిగి పోగుచేశా. ఎవరు ఎవరి కొడుకు, ఏ దుకాణం పెట్టారు, అన్నీ. ఇంటర్నెట్‌లో ఒక్కో మనిషికీ ఒక పేజీ, ఒకరి నుంచి ఇంకొకరికి లింకు. ఏ దేశపు పరిశోధకుడైనా అడగకుండా తీసుకోవచ్చు. "బీరువాలో తాళం వేసిన చరిత్ర చరిత్రే కాదు!" అని నేను ఊగిపోతుంటే నాయన పేపరు మడిచి లోపలికి పోయేవాడు.

శైలజవాళ్లది ముదగల్. మా ప్రేమకు రెండిళ్లూ కష్టం మీద ఒప్పుకున్నాయి. కులం ఒకటే, గోత్రాలు వేరు. ఇంకేం కావాలి?

నిశ్చితార్థానికి వారం ముందు డేటా విడుదల చేశా. చేసి ఊరుకోవచ్చు కదా! శైలజ పెద్దనాయన మా ఇంటికొస్తే ల్యాప్‌టాప్ ముందు పెట్టా.

"మీ తాత పేరు కొట్టండి మామా!"

కొట్టాడు. తాత వచ్చాడు. కింద 'తమ్ముడు' అని ఇంకో పేరు.

"ఈ తమ్ముడేంది? మాకెవ్వరూ చెప్పలే."

"లింకు నొక్కండి మామా, అదే దీని గొప్ప!"

నొక్కాడు. తమ్ముడు చిన్నప్పుడే రాయచూరుకు దత్తత పోయాడు. ఇంటిపేరు, గోత్రం మారాయి. ఆయన కొడుకు మా తాత. ఆ తాత కొడుకు, పక్కనే కూర్చున్న మా నాయన.

కన్నతండ్రి పేరు, పుట్టిన ఊరు, ఏడు కలిస్తే రెండు పేజీలనూ ఒకే మనిషిగా కలిపెయ్యమని ప్రోగ్రామ్‌కు చెప్పింది నేనే. ఏం కలిపిందో చూసుకోలేదు.

"దత్తత పోతే గోత్రం మారింది కదా మామా!" అన్నా.

"గోత్రం మారితే నెత్తురు మారుతదా? ఇంక మామా అనకు. పెద్దనాయన అను."

నాయన, ఆయన కావలించుకుని ఏడ్చారు. అమ్మ మిఠాయి పంచింది. నేను ఆ లింకు తీసేద్దామని చూస్తే, అప్పటికే ఎవరో పరిశోధకుడు కాపీ చేసుకుని మెచ్చుకుంటూ మెయిల్ పెట్టాడు.

ఇప్పుడు శైలజకు వేరే సంబంధాలు చూస్తున్నారు. అబ్బాయిల వంశాలు పరిశీలించే పని ఇంటి మగపిల్లాడినని నాకే అప్పగించారు. నిన్న మొదటి అబ్బాయి పేరు ఫోన్‌లో మెసేజ్‌గా వచ్చింది. కింద శైలజ రాసింది: "ఈసారన్నా సరిగ్గ చూడు, అన్నా."