బెహన్‌జీ వేసిన మెడ

మా కింది ఫ్లాట్ బెహన్‌జీ పోయారు. పొద్దున్నే పాలకని దిగితే వాళ్ళ గుమ్మం ముందు చెప్పులు గుంపుగా కనబడ్డాయి. నిద్రలోనే గుండె ఆగిందట. పాల సంగతి మరిచి అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. పైన మా ఇంట్లో నా మనవరాలు, ఇంకా నెల కూడా నిండని పసిగుడ్డు, గుక్కపట్టి ఏడుస్తోంది. ఒక చెవిలో ఆ ఏడుపు, ఇంకో చెవిలో ఈ ఏడుపు. ఆ పొద్దు నా మనసు ఎటు వెళ్ళాలో తెలియక అల్లాడిపోయింది.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. ఇక్కడే ఈ ఉత్తరాది ఊళ్ళో, అశోకా రోడ్డు దగ్గర ఒక భోజనశాలలో దోసెలు పోసీ పోసీ రిటైరయ్యాను. ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాయకపోతే నాకు అన్నం సయించదు, అందుకని రాస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మా అమ్మాయికి పెళ్ళయిన చాన్నాళ్ళకి కడుపు పండింది. అంతకుముందు నిలిచినట్టే నిలిచి పోయింది, ఒకసారి కాదు. ఈసారి అయిదో నెల దాటి డాక్టరమ్మ పర్వాలేదన్న రోజున నాకు ఒళ్ళు తెలియలేదండీ. లిఫ్టులో ఎక్కినవాళ్ళందరికీ చెప్పేశా. కింద పార్కులో అప్పుడే మొదలైన చలికాలపు ఎండలో చాపేసుకుని స్వెటర్ అల్లుకుంటున్న బెహన్‌జీకీ చెప్పా. ఆవిడ తలెత్తి, "అచ్ఛా, మరి తాతగారేం చేస్తారు? ఊరంతా కబుర్లు చెబుతూ తిరుగుతారా?" అన్నారు హిందీలో. ఆ మాట నాకు తగిలింది. అక్కడే కూర్చుని నాకూ అల్లడం నేర్పమన్నా.

మా ఆవిడ బాల్కనీలోంచి చూసి, "బాగుంది సంబడం, గాజులు కూడా కొనుక్కురానా?" అంది. పార్కులో ఆడవాళ్ళకి తెలుగు రాకపోయినా అర్థమైపోయింది.

బెహన్‌జీ ముందే రెండు సూదులు ఇవ్వలేదు. చివర చిన్న కొక్కెం ఉండే క్రోషా సూది ఒక్కటే చేతిలో పెట్టి, "ముందు ఒకదాన్ని సంబాళించండి భాయ్‌సాబ్" అన్నారు. నేనల్లిన మొదటి టోపీ ముడుచుకుపోయి గిన్నెలా తయారైంది. ఆవిడ దాన్ని తన టీ గ్లాసుకి తొడిగి, చెయ్యి కాలకుండా భలే ఉందని ఆ చలికాలమంతా దాంతోనే టీ తాగారు. అడిగినవాళ్ళకి ఇది ఆంధ్రా డిజైన్ అని చెప్పేవారు. అలాంటి మనిషి.

ఆ తర్వాత రెండు సూదులు ఇచ్చారు. ఒక వరస సీధా, అంటే తిన్నగా, ఒక వరస ఉల్టా, అంటే తిరగేసి, అలా నడిచింది నా చదువు. ఎక్కడైనా తప్పు పడితే నా మొహం మాడిపోయేది. ఆవిడ సర్రున విప్పేసి, "ఊలు ఎక్కడికీ పోలేదు కదా, మళ్ళీ అల్లుకుందాం" అనేవారు. ఎన్నిసార్లన్నా విసుక్కోలేదు, ఆ తల్లి.

చెయ్యి కుదరాలని ముందొక చిన్న స్వెటర్ అల్లించారు. నేను ఆఖరి కుట్లు మూసేటప్పుడు మెడ బిగించేశా. బెహన్‌జీ ఎవరి చేతనో కొబ్బరికాయ తెప్పించి, ఇదే పిల్ల తల అనుకోమని తొడగబోతే పట్టలేదు. పార్కంతా నవ్వులు. ఆవిడ మాత్రం నా వేళ్ళకేసి చూసి, ఎందుకంతలా బిగిస్తున్నారని మెల్లగా అడిగారు. కుట్టు జారిపోతుందేమోనని భయమన్నాను. నేనన్నది కుట్టు గురించే. నా చూపు మాత్రం బాల్కనీలో నిలబడ్డ మా అమ్మాయి మీదికి పోయింది. ఆవిడ అది కనిపెట్టారు.

"భయంతో పట్టుకుంటే బిగుసుకుపోతుంది భాయ్‌సాబ్. కాస్త వదులుగా పట్టుకోండి. ఏమీ జారదు."

నెలలు నిండేదాకా ఆ మాటే పట్టుకుని బతికానండీ. అసలు స్వెటర్ పసుపు ఊలుతో మొదలుపెట్టా. ఒళ్ళంతా నేనే అల్లా. మెడ మాత్రం తాను వేస్తానన్నారు, అదీ బిడ్డ పుట్టాకే. తల చూడకుండా మెడ వెయ్యకూడదన్నది ఆవిడ పద్ధతి. మనవరాలు పుట్టాక వచ్చి, ఊలుపోగుతో తల కొలిచి, "తాత పోలికే, పెద్ద బుర్ర" అని నవ్వి స్వెటర్ పట్టుకెళ్ళారు. మా ఇంటికి ఆవిడ రావడం అదే ఆఖరు.

కార్యక్రమాలు అయ్యాక వాళ్ళ కోడలు ఆ స్వెటర్ ఉన్న సంచి తెచ్చి ఇచ్చింది. మెడ అయిపోయింది, కుట్లు మూయడమే మిగిలింది. సూదులు అలాగే ఉన్నాయి. మా ఆవిడ వెనక్కి తగ్గింది. పోయినవాళ్ళ చేతిలోది పసిపిల్లకి ఎలా వేస్తామంది. మన పెద్దలు చెప్పిందే చెప్పింది పాపం. అప్పుడు పిల్లకి పాలిస్తూ మా అమ్మాయి అంది:

"ఆవిడ బతికుండగా దీనికోసమే అల్లింది కదమ్మా. ముందు అదే వేద్దాం. నాన్నా, నువ్వు పూర్తి చెయ్యి."

పార్కులో ఆవిడ కూర్చునే చోట కూర్చున్నా. మొదలుపెట్టగానే వేళ్ళు బిగుసుకున్నాయి. విప్పేశా. కళ్ళు తుడుచుకుని, ఈసారి వదులుగా, ఒక్కో కుట్టూ మూసుకుంటూ వచ్చా. ఇంటికొచ్చి తొడిగితే పిల్ల తల ఇట్టే దూరిపోయింది. చెవి కూడా నలగలేదు. మా ఆవిడే ముందుగా దిష్టి తీసింది.

ఇది రాస్తుంటే పిల్ల ఆ స్వెటర్‌తోనే నా పక్కన పడుకుని ఉంది. కింద నేనల్లిన బిగువు వరసలు, పైన బెహన్‌జీ వదులు వరసలు, తేడా తెలిసిపోతూనే ఉంది. పిల్ల ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా రెండూ కలిసి పైకి లేస్తున్నాయి, కలిసి దిగుతున్నాయి.