రెండు చేతులకూ బీపీ

అత్యవసర విభాగంలో ఆ నడివయసు నర్సుకు తోటివాళ్లు పెట్టిన పేరు రెండుచేతులమ్మ. వీపులో నొప్పి అంటూ ఏ ఆడమనిషి వచ్చినా ఒక చేతికి బీపీ చూసి ఊరుకోదు. పట్టీ విప్పి రెండో చేతికీ చుడుతుంది. ఆరేళ్ల కిందట వీపు చీలిపోతోందని ఏడ్చిన ఆమె చెల్లెల్ని ఇక్కడి పెద్ద డాక్టరు "గ్యాసేనమ్మా, కంగారుపడకు" అని ఇంటికి పంపేశాడు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం చిట్లి ఆ పిల్ల సాయంత్రానికల్లా పోయింది. అక్క గొడవ పడలేదు, ఉద్యోగం మానలేదు. పళ్లు బిగించి కాచుకుంది.

మొన్న బట్టలు కుట్టే ఒకావిడ వీపు పట్టుకుని వచ్చింది. రెండు చేతుల బీపీకీ మధ్య నలభై తేడా, ఆ పెద్ద రక్తనాళం చీలితే కనిపించే గుర్తు. అదే పెద్ద డాక్టరు తల ఎత్తకుండానే "గ్యాస్. మాత్ర ఇచ్చి పంపెయ్" అన్నాడు.

"అలాగే సార్. మీరన్న మాట, ఈ రెండు అంకెలు, టైముతో సహా కేస్ షీట్లో రాశాను. సంతకం పెట్టండి."

పెన్ను కాగితం మీద ఆగిపోయింది. "స్కాన్‌కి పంపు" అన్నాడు గొంతు తగ్గించి. స్కాన్‌లో చీలిక బయటపడింది. వెంటనే ఆపరేషన్ చేశారు, ఆవిడ బతికింది.

ఈ ఉదయం డాక్టరు "మంచి పని చేశావమ్మా" అన్నాడు.

"మా చెల్లికీ ఇదే జబ్బు సార్. గ్యాసని పంపించింది మీరే."

అతని మొహం పాలిపోయింది. ఆమె వెంటనే కదల్లేదు. ఆ మొహాన్ని కరువుతీరా చూసింది.