నిమ్మరసంలో ఆసుపత్రి వాసన

1996 జూలై. దోహాలో కట్టడాల దగ్గర పనిచేసే కూలీలకు భోజనం పంపే ఒక క్యాటరింగ్ కంపెనీలో నేను క్వాలిటీ కంట్రోల్ కెమిస్టుని. తిండీ నీళ్ళూ బాగున్నాయో లేదో పరీక్షించి సంతకం పెట్టడం నా డ్యూటీ. అల్ మన్సూరాలో మా ఫ్లాట్ నుంచి ఉదయం ఐదున్నరకే కంపెనీ వ్యాన్ ఎక్కేదాన్ని.

ఎండాకాలం సైట్‌కి ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం పంపేవాళ్ళం. కలిపేది అమలాపురం వైపు నుంచి వచ్చిన వంటమనిషి దానియేలు గారు. ఆ నెల మొదట్లో కూలీలు దాన్ని తాగడం మానేశారు. మందు వాసన వస్తోందన్నారు. కంపెనీయే ఏదో మందు కలుపుతోందని కూలీలుండే క్యాంపులో పుకారు లేచింది. వంటింట్లో స్టీలు గంగాళంలోంచి శాంపిల్ తీయించి పరీక్షించాను. పులుపు సరిగ్గా ఉంది, క్రిములు లేవు. అదంతా భ్రమ, తాగమనండి అని సైట్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండు రోజులకి, నిమ్మరసం ముట్టని ఒక తాపీమేస్త్రీ ఎండదెబ్బకి పడిపోయాడు. అదృష్టం బాగుండి ప్రాణం దక్కింది. తప్పు మోపడానికి మేనేజర్‌కి ఎవరో ఒకరు దొరకాలి కదా! కుళ్ళిన కాయలు వాడాడని దానియేలు గారిని ఆదివారం ఫ్లైట్‌కి ఇంటికి పంపేస్తానన్నాడు. ఆ రోజు గురువారం. కాయలు నేను చూశాను, నిగనిగలాడుతున్నాయి. ఆదివారంలోగా అసలు సంగతి తేల్చి తీరాలనుకున్నాను.

శుక్రవారం సెలవు. మావారిని వెంటబెట్టుకుని క్యాంప్‌కి వెళ్ళాను. పడిపోయిన మేస్త్రీ గదిలోనే ఉండే కరీంనగర్ మల్లేశం మొదట నాతో మాట్లాడనే లేదు. మాట్లాడాక మాత్రం నా ల్యాబ్ చెప్పనిది చెప్పాడు.

"పొద్దుగాల మంచిగనే ఉంటది మేడం. పదకొండు దాటినంక దవాఖాన వాసన కొడ్తది. నోట్ల పెట్టుకోబుద్ధి కాదు."

అంటే నిమ్మరసం మంచిదే. ఉదయం ఏడింటికి వంటింటి నుంచి సైట్‌కి వెళ్ళి ఎండలో ఉన్న ఆ నాలుగు గంటల్లో ఏదో జరుగుతోంది. బరువెక్కువని మే నెలలో స్టీలు డ్రమ్ములు తీసేసి ప్లాస్టిక్‌వి తెచ్చాం. పాత్ర వాసన పానీయానికి పట్టడాన్ని మా వృత్తిలో టెయింట్ అంటారు. చదువుకున్నాను, పరీక్షలో రాశాను, తీరా అవసరమైనప్పుడు తట్టలేదు.

శనివారం ఒకే నిమ్మరసాన్ని స్టీలు డ్రమ్ములోనూ, వాడుతున్న ప్లాస్టిక్ డ్రమ్ములోనూ, ఇంకా వాడని కొత్త ప్లాస్టిక్ డ్రమ్ములోనూ పోసి పదకొండు దాకా ఎండలో ఉంచాను. తర్వాత ట్రయాంగిల్ టెస్ట్ పెట్టాను. మూడు గ్లాసుల్లో రెండు ఒకటే, మూడోది వేరు, ఆ వేరేది ఏదో పట్టుకోవాలి. మల్లేశంతో కలిపి ఆరుగురిని పిలిపించాను. వాడుతున్న డ్రమ్ములోది ఎక్కడ దాచిపెట్టినా ఆరుగురూ పట్టేశారు. మేనేజర్ ఒక్క గుక్క తాగి సింకులో ఉమ్మేశాడు. కొత్త డ్రమ్ములోదీ స్టీలుదీ ఎవరూ వేరు చెయ్యలేకపోయారు.

తప్పు ప్లాస్టిక్‌ది కాదన్నమాట. దానికి పట్టినదేదో ఉంది. డ్రమ్ములు ఎలా కడుగుతారని దానియేలు గారిని అడిగాను. ఆయన గర్వంగానే చెప్పారు.

"రోజూ సాయంత్రం ఫినాయిలేసి నానబెడతానండి. ఆనక మూడుసార్లు కడుగుతానండి. మిషన్ ఆసుపత్రిలో పదకొండేళ్ళు అలాగే కడిగానండి, ఏ రోగీ పేరు పెట్టలేదండి."

ఆసుపత్రి పాత్రలు స్టీలువి. కడిగితే ఫినాయిల్ పోతుంది. ప్లాస్టిక్ దాన్ని రోజూ కొంచెం కొంచెంగా పీల్చుకుంటుంది, ఎండ తగిలాక మెల్లగా వదులుతుంది. నీళ్ళలోని క్లోరిన్ తోడైతే రవ్వంత చాలు, నాలుకకి మందులా తగులుతుంది. ఇదంతా ఆయనకి వివరించాను.

"అయితే ఆ మేస్త్రీ పడిపోయింది నా మూలంగానాండి?"

"మీ ఒక్కరి మూలంగా కాదు. నా మూలంగా కూడా" అన్నాను. 'డ్రమ్ములు శుభ్రం' అన్న గడిలో రోజూ టిక్ పెట్టింది నేనే. దేనితో కడుగుతున్నారని ఒక్కనాడూ అడగలేదు.

రిపోర్టులో అదే రాశాను, నా పేరు ముందు పెట్టి. ఇలా పైకి పంపితే మీ ఉద్యోగానికే ముప్పని మేనేజర్ హెచ్చరించాడు. పోతే పోనివ్వండి, ఒక్క అక్షరం మార్చనన్నాను. చివరికి నాకో వార్నింగ్ లెటర్ వచ్చింది. దానియేలు గారి టికెట్ రద్దయింది.

సోమవారం స్టీలు డ్రమ్ములతో నేనూ ఆయనా సైట్‌కి వెళ్ళాం. ఫినాయిల్ సంగతి దాచకుండా చెప్పి, వాళ్ళ ముందే చెరో గ్లాసు తాగాం. ఎవరూ దగ్గరికి రాలేదు.

"పదకొండయినంక సూద్దాం" అన్నాడు మల్లేశం.

అక్కడే రేకుల నీడలో కూర్చున్నాం. పదకొండు దాటాక అతను వచ్చి గ్లాసు వాసన చూశాడు. ఒక గుక్క పుక్కిట పట్టి చాలాసేపు ఉంచుకున్నాడు. మింగి, గ్లాసు మళ్ళీ చాచాడు. అతని వెనక ఒక్కొక్కరూ వచ్చి నిలబడ్డారు. దానియేలు గారు ఒక్కో గ్లాసూ అంచుదాకా నింపారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత పన్నెండేళ్ళు అదే పనిలో ఉన్నాను. శాంపిల్ మళ్ళీ ఎప్పుడూ వంటింట్లో తీయలేదు. తాగే మనిషి దగ్గరికి, అతను తాగే వేళకి వెళ్ళి, అతని గ్లాసులోంచే తీశాను.