కంపమిట్టకు నీళ్లు

దిన్నెపల్లె ఎట్లా ఉంటుందో చెప్పమంటే కృపమణి చెయ్యి చాపి చూపిస్తుంది. ట్యాంకు కాడ మిట్ట, అక్కణ్ణుంచి బజారు దాకా వాలు, చర్చి వీధి పల్లం. భర్త సుందరం పంచాయతీలో నీళ్లు వదిలేవాడు. గుండెనొప్పితో అతను పోయాక ఆ పని ఆమెకు వచ్చింది. తొమ్మిదేళ్లుగా పొద్దున్నే ఇనుప కడ్డీ భుజాన వేసుకుని వాల్వులు తిప్పుతోంది. ఏ ఇంటికి కోడలొచ్చిందో, ఏ ఇంటికి తాళం పడిందో కుళాయి ముందు బిందెలు చూసి చెప్పేస్తుంది.

జనాభా లెక్కలకు ఇళ్లు రాసుకోవడానికి టీచరు మధులత వచ్చినప్పుడు, ఊరికి కొత్త కాబట్టి, కృపమణిని తోడు రమ్మంది. మూడో రోజు మధ్యాహ్నానికి చర్చి వీధిలో చివరి ఇల్లు కూడా అయిపోయింది.

"ఇంతేనా అక్కా ఊరు?" అంది మధులత చెమట తుడుచుకుంటూ.

కృపమణి వీధి చివరికేసి చూసింది. ఆ వీధి చివర వాల్వు ఏడాదిగా కారుతోంది. బిగించడం ఆమెకు చేతకాక కాదు. ఆ నీళ్ల కోసం ఎవరొస్తారో ఆమెకు తెలుసు. బయటపడితే పని పోతుందని ఎవరికీ చెప్పలేదు.

"ఇంకా ఉండారు మేడమ్," అంది చివరికి. "కంపమిట్ట వెనకాల."

నాపరాళ్ల గనుల పక్కన బండిదారి పట్టి అరగంట నడిచారు. తుమ్మకంపల నడుమ ప్లాస్టిక్ పట్టలు కప్పిన నాలుగు గుడిసెలు. రాళ్లు కొట్టడానికి కర్ణాటక నుంచి వచ్చిన వాళ్లవి. మొదటి గుడిసె ముందు చీర ఉయ్యాల ఊపుతున్న హులిగెమ్మ, మధులత చేతిలో ఫోను చూసి గబుక్కున లేచింది.

"ఖాళీ చేయమంటాండారా అక్కా?"

"లేదులే. మిమ్మల్ని రాసుకోను వచ్చినారు."

"ఎంతమంది ఉంటారమ్మా?" అని మధులత అడిగింది.

హులిగెమ్మ వేళ్లు మడిచింది. "నేను, మా ఆయప్ప, అత్త, ఇద్దరు పిల్లోళ్లు. ఐదు మంది."

"ఆరు," అంది కృపమణి.

"దీన్ని గూడా రాస్తారా? పుట్టి పద్దెనిమిది దినాలే. పేరన్నా పెట్టలేదు."

మధులత ఉయ్యాలలోకి వంగి చూసింది. పాప పిడికిళ్లు బిగించి నిద్రపోతోంది. "పేరు నిదానంగా పెట్టుకోండి," అంటూ ఆరు నొక్కింది. హులిగెమ్మ సంబరంగా లోపలున్న అత్తకు ఆ మాట కన్నడంలో కేకేసి చెప్పింది.

నాలుగు గుడిసెల్లో కలిపి పందొమ్మిది మంది తేలారు. తిరిగొస్తుంటే కృపమణి వాల్వు సంగతి చెప్పేసింది.

"పంచాయతీలో కూడా చెప్పక్కా. నేనూ వస్తా," అంది మధులత.

మర్నాడు ఇద్దరూ కార్యదర్శి బసవరాజు ముందు నిలబడి వాల్వు సంగతి, గుడిసెల సంగతి చెప్పారు. ఏడాదిగా నీళ్లు పారబోసినందుకు ఆయన గట్టిగానే కోప్పడ్డాడు. కృపమణి తల వంచుకుని విన్నది. కోపం చల్లారాక ఆయనే అడిగాడు: "పసిబిడ్డలు గూడా ఉండారా ఆడ?"

నాలుగు నెలలకు కంపమిట్ట దాకా పైపు పడింది. అప్పటికి హులిగెమ్మ వాళ్లు బేతంచెర్ల వైపు గనులకు వెళ్లిపోయారు. వాళ్ల గుడిసెలో వేరే కుటుంబం దిగింది. మొదటిసారి నీళ్లు వదిలిన రోజు కృపమణి కొత్త కుళాయి గట్టు మీదే కూర్చుని హులిగెమ్మకు ఫోన్ చేసింది.

"కుళాయి వచ్చిందే!"

"నిజమా అక్కా? ఈడ గూడా ఉండాదిలే, దగ్గరే," అంది హులిగెమ్మ. "పాపకు కింద పల్లు వచ్చిందక్కా. శానా కొరుకుతాండాది."


"ఏదీ, పాప చెవి కాడ పెట్టు ఫోను," అంది కృపమణి.