చింత కాదు, రాజ్యలక్ష్మి

నిన్న పొద్దున గ్రోసరీ స్టోర్ పార్కింగ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది.

రాజ్యం అక్క లేదు. హార్ట్ ఎటాక్.

పాలు కార్లోనే మర్చిపోయాను. అప్పటినుంచి ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. కాలిఫోర్నియాలో, ఫోల్సమ్‌లో మా వీధి చివరి ఇల్లు అక్కది. ల్యాబ్ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక అందరూ క్రూజులకు వెళ్తుంటే, ఈవిడ పాత బంగారు గనుల ఊళ్ళలో శ్మశానాలు పట్టుకుని తిరిగేది. నూట డెబ్భై ఏళ్ళ కిందట, బంగారం కోసం జనం ఎగబడిన గోల్డ్ రష్ రోజుల్లో అక్కడికొచ్చిన ఐరిష్ ఆడవాళ్ళ కోసం. గని పనివాళ్ళకు వండిపెట్టి, బట్టలుతికి, పేరు లేకుండా పోయినవాళ్ళ కోసం.

ఒకసారి పిక్నిక్ అని చెప్పి నన్నూ లాక్కెళ్ళింది. పులిహోర డబ్బా మూత కూడా తియ్యలేదు.

ఎండలో ఒక సమాధి రాయి మీద నీళ్ళు పోసి నా చేత చదివించింది. "థామస్ భార్య" అని ఉంది. అంతే.

"చూశావా? చచ్చిపోయినా థామస్ పెళ్ళామేనంట. పుట్టింటి ఇంటిపేరు దేవుడెరుగు, అసలు పేరే లేదు" అంది.

ఆ కుటుంబం సమాధుల చుట్టూ కట్టిన అదే కంచెలో ఇంకో చిన్న రాయి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. "ఎలెన్ డ్రిస్కాల్, హొనోరా చెల్లెలు" అని బయటపడింది.

థామస్ పెళ్ళాం పేరు ఆవిడ చెల్లెలి రాయి మీద దొరికింది. సొంత పిన్ని కనిపించినట్టు రాజ్యం అక్క దారంతా "హొనోరా, హొనోరా" అంటూనే ఉంది.

తన కథా అలాంటిదే. పాస్‌పోర్ట్‌లో అత్తింటి ఇంటిపేరు చింతలపాటిని ఎవరో ఫస్ట్ నేమ్ దగ్గర రాసేశారు. ఇక్కడివాళ్ళకు నోరు తిరగక అది చింత అయింది. ల్యాబ్‌లో ఉన్నన్నాళ్ళూ ఆవిడ చింతే.

"నాకు లేనిదే అది. దాన్నే పేరు పెట్టారు" అని నవ్వేది.

ఆ రోజు శ్మశానంలో మాత్రం నవ్వలేదు. "నాకు రాయి ఉండదనుకో. ఎక్కడ రాసినా నా పేరు సరిగ్గా రాయించవే" అంది.

నిన్న సాయంత్రం అంత్యక్రియలు చూసే ఫ్యూనరల్ హోమ్ వాళ్ళ వెబ్ పేజీ తెరిస్తే, "చింత, వైఫ్ ఆఫ్ మూర్తి" అని ఉంది.

బావగారు ఏ స్థితిలో ఐడీ ఇచ్చారో, ఆయన్నేమీ అనలేను. నేనే ఫోన్ చేసి ఒక్కో అక్షరం చెప్పాను. సోమవారం మారుస్తామన్నారు.

పొద్దున్నుంచి రిఫ్రెష్ చేస్తూనే ఉన్నాను. ఇంకా చింతే.

సోమవారం దాకా ఆగడం నా వల్ల కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

దోనేపూడి వారి ఆడపడుచు, రాజ్యలక్ష్మి.

మా అక్క.

వెళ్ళిరా అక్కా. ఇక ఏ చింతా లేకుండా నిద్రపో.