తవుడుకు కొన్న పిల్ల

తాడేపల్లిగూడెంలో మా అమ్మాయి చదివే కాలేజీకి వెళ్ళే దారిలో ఒక రైసుమిల్లు ఉంది. మిల్లు ఆడుతున్నంతసేపూ ఆ రోడ్డు పొడుగునా వెచ్చని తవుడు వాసన వస్తుంది. కొంచెం తియ్యగా, కొంచెం జిడ్డుగా ఉంటుంది. మొన్న అమ్మాయి గొడుగు మరిచిపోయి వెళ్తే ఇచ్చి వద్దామని బయలుదేరాను. ఆ వాసన తగలగానే ఆటో ఆపమన్నాను. "ఎవరన్నా రావాలాండి?" అని అడిగాడు డ్రైవరు. లేదన్నాను. కాసేపు అలా కూర్చున్నాక, పోనివ్వమని చెప్పాను.

ఆ వాసనతో నాకు గుర్తొచ్చే మనిషి మార్తమ్మ టీచరుగారు. ఉంగుటూరులో మా అత్తగారింటి పక్కిల్లే ఆవిడది. మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఊళ్ళో సగం మందికి ఎక్కాలు నేర్పింది ఆవిడే. నవ్వు తక్కువ, మాట ఖచ్చితం. ఆవిడ వీధిలో నడిచొస్తుంటే మనవలున్న రైతులు కూడా చుట్ట ఉన్న చేతిని వెనక్కి పెట్టుకునేవారు. కోడలిగా కొత్తలో నాకు ఆవిడంటే బెదురు ఉండేది. దండెం తిన్నగా ఉందో లేదో చూసి మరీ బట్టలు ఆరేసేదాన్ని.

నా పుట్టిల్లు కొల్లేటి లంకలో. మొదటి కాన్పుకి అక్కడికే వెళ్ళాను. బాబు పుట్టాడు. నెల నిండకుండానే ముసురు పట్టింది. కొల్లేరు పొంగి రోడ్డు మునిగిపోయిన రోజుల్లో వాడికి జ్వరం వచ్చింది. కొంత దూరం పడవ మీద, కొంత దూరం ట్రాక్టరు మీద తీసుకుపోయాం. ఏలూరు చేరేసరికి వాడు నా ఒళ్ళోనే చల్లబడిపోయాడు. ఇంతకు మించి దాని గురించి నేను ఇప్పటికీ మాట్లాడలేను.

తరువాత పాప పుట్టింది. ఈసారి మా అత్తగారు నన్ను పుట్టింటికి పంపలేదు. మా అమ్మే వచ్చి కొన్నాళ్ళుండి వెళ్ళింది. పాప బొద్దుగా, ఆరోగ్యంగా ఉంది. ఒళ్ళు బాగోనిది నాకే, కానీ అది బయటికి కనిపించే జబ్బు కాదు. పాలిచ్చేదాన్ని, వెంటనే ఉయ్యాల్లో పెట్టేసేదాన్ని. ముఖంలోకి చూసేదాన్ని కాదు. ముద్దుపేరు పెట్టలేదు. అందరూ బుజ్జి, చిట్టి అంటుంటే నేను మాత్రం "పాప" అనేదాన్ని, ఎవరింటి పాపో అన్నట్టు. పచ్చి బాలింత నీరసమని మా అత్తగారు మిరియాల కారం పెట్టి, నడికట్టు బిగించి, తనకు తెలిసిన వైద్యమంతా చేశారు. నా లోపల ఒకటే లెక్క నడిచేది. ఎంత తక్కువ ప్రేమిస్తే అంత తక్కువ ఏడవాల్సి వస్తుంది.

మా వైపు పాత ఆనవాయితీ ఒకటుంది. బిడ్డ దక్కని ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, చేటలో పడుకోబెట్టి ఇరుగుపొరుగు వాళ్ళకి కాస్త తవుడుకి అమ్మేస్తారు. అమ్మేశాక ఆ బిడ్డ మనది కాదు గనక మన చెడ్డకాలం దాని జోలికి పోదని నమ్మకం. పాలిచ్చి పెంచేది మనమే, పేరుకి మాత్రం పరాయి బిడ్డ. ఒకరోజు మధ్యాహ్నం మా అత్తగారు మార్తమ్మగారిని అరుగు మీద కూర్చోబెట్టి ఈ మాట ఎత్తారు.

"నన్నెందుకు అడుగుతున్నారండి? నాకు వీటి మీద నమ్మకం లేదని మీకు తెలుసు కదా. మా మందిరంలో తెలిస్తే ఏం బాగుంటుంది?" అన్నారు ఆవిడ.

"మీ చెయ్యి మంచిదండి టీచరుగారండీ. మీరు కాదనకూడదండి. మా కోడలు పిల్లదాన్ని ముట్టుకోటానికే భయపడతందండి."

ఆవిడ మళ్ళీ తల అడ్డంగా ఊపారు. అప్పుడే లోపల పాప ఏడుపు అందుకుంది. నేను ఉయ్యాలకి రెండడుగుల దూరంలో, తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాను. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతోంది. అయినా కదలలేదు. అత్తగారు వచ్చి పాపని తీసి చేతికిస్తే పాలిద్దామని చూస్తున్నాను. రోజూ జరిగేది అదే. మార్తమ్మగారు లేచి గుమ్మం దగ్గరకొచ్చి నావంక చూశారు.

"నువ్వు ఎత్తుకోవేమ్మా?"

"నాకు అలవాటైపోతుందండి," అన్నాను.

ఆవిడ పాపని తీసి నా చేతుల్లో పెట్టి, మా అత్తగారి వైపు తిరిగి, "రేపు పొద్దున్నే వస్తానండి. తవుడు నేనే తెచ్చుకుంటాను," అని వెళ్ళిపోయారు.

అన్నట్టే మర్నాడు వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, మిల్లు నుంచి అప్పుడే తెచ్చిన తవుడు గిన్నెలో పట్టుకుని, పరీక్ష పెట్టడానికి వచ్చినట్టు వచ్చారు. పెరట్లో కొత్త చేటలో పాత చీర మెత్తగా పరిచి పాపని పడుకోబెట్టాం. ఆవిడ తవుడు మా అత్తగారి కొంగులో పోసి, పాపని తీసి భుజాన వేసుకున్నారు. తంతు అయిపోయింది గనక మా అత్తగారు పాప కోసం చేతులు చాచారు. ఆవిడ ఇవ్వలేదు.

"కొన్నాను కదండీ. అప్పుడే ఎలా ఇస్తాను?" అని నా దగ్గరకు వచ్చారు. "ఇదిగో అమ్మాయ్, విను. ఈ పిల్ల ఇక నాది. దీనికి దగ్గొచ్చినా, జ్వరమొచ్చినా భయపడాల్సింది నేను. నీకా పని లేదు. నువ్వు పాలివ్వు, ఎత్తుకో, ఆడించు. నా పిల్లని నాకు పెంచిపెడుతున్నావు, అంతే. అర్థమైందా?"

క్లాసులో అడిగినట్టు అడిగారు. "అర్థమైందండి," అన్నాను. నిజానికి ఏమీ అర్థం కాలేదు.

ఆవిడకి మాటంటే మాటే. అప్పటినుంచి రోజూ టీ తాగేసి మా ఇంటికి వచ్చేవారు. "నా పిల్ల ఎలా ఉంది?" అంటూ నుదురు ముట్టుకుని, కళ్ళు చూసి, గోళ్ళు చూసి, నీళ్ళు పోశారా అని అడిగి, పాపని నా ఒళ్ళో పెట్టి వెళ్ళేవారు. కొన్నవాళ్ళే పేరు పెట్టాలి గనక కృప అని పెట్టింది కూడా ఆవిడే. తవిటమ్మ అని పిలుద్దామనుకున్న మా అత్తగారు రెండురోజులు మూతి ముడుచుకుని, మూడోరోజు నుంచి అందరికంటే గట్టిగా కృపా కృపా అని పిలవడం మొదలుపెట్టారు. నేను మాత్రం ఇంకా "మీ పాప" అనే అనేదాన్ని. అలా అనడం నాకు తేలికగా ఉండేది. పరాయి పిల్ల అనుకుంటే ఎత్తుకోగలిగాను. ఎత్తుకుని పెరట్లో తిరగగలిగాను. ఒకరోజు దాని అరికాలు నా బుగ్గకి ఆనించుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాను.

మూడో నెలలో జ్వరం వచ్చింది. మధ్యాహ్నం, సన్నగా వాన పడుతోంది. మా ఆయన పొలం వెళ్ళారు. పాప ఒళ్ళు కాలిపోతుంటే నాకు ఆ ట్రాక్టరు చప్పుడే చెవుల్లో మోగింది. మా అత్తగారు పరిగెత్తుకెళ్ళి మార్తమ్మగారిని పిలుచుకొచ్చారు. ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసి, ఆటో పిలిపించి, ముందు నన్ను ఎక్కించి, నా ఒళ్ళో పాపని పెట్టి తను పక్కన కూర్చున్నారు. తాడేపల్లిగూడెం వెళ్ళేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

"ఎవరి పిల్ల?" అని అడిగారు ఆవిడ, రోడ్డు వంకే చూస్తూ.

"మీదండి."

"మరి నీకెందుకు వణుకు? అది నా పని. నువ్వు గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాను. పరాయి వాళ్ళ సొత్తు జాగ్రత్తగా అప్పజెప్పాలన్నట్టు పట్టుకున్నాను. డాక్టరుగారు చూసి, మామూలు జ్వరమే, కంగారు లేదని చుక్కల మందు రాసిచ్చారు. తిరిగొచ్చేటప్పటికి వాన వెలిసింది. ఆటోలో పాపకి చెమట పట్టి ఒళ్ళు చల్లబడింది. ఆ చల్లదనం తగలగానే నా గుండె ఆగినంత పనైంది. అప్పుడే అది కళ్ళు విప్పి నావంక చూసింది. నేనూ చూశాను. పుట్టాక దాని ముఖం నేను తనివితీరా చూసింది అప్పుడే. కనుబొమలు మా అమ్మవి. "నా తల్లే, నా బంగారమే," అనేశాను. ఆ తరువాత ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులో కొంత బాబుది కూడా. మార్తమ్మగారు ఏమీ విననట్టు కాలవ గట్టు వైపు చూస్తూ కూర్చున్నారు.

కృప బడిలో చేరిన ఏడాది ఆవిడ ఒళ్ళు బాగోక ఏలూరులో పెద్దకొడుకు దగ్గరికి వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యారు. పిల్లని తిరిగి కొనుక్కోవాలని మా అత్తగారు గుర్తుచేస్తే, చేటలో తవుడు పోసుకుని వెళ్ళాను. ఆవిడ మంచం మీద కూర్చుని గుడ్డలు మడత పెడుతున్నారు. చేట చూసి నవ్వారు. ఆవిడ అలా నవ్వగా చూడటం నాకు కొత్త.

"ఈ పిల్లకి దగ్గొచ్చినప్పుడల్లా నాకు కునుకు ఉండేది కాదు, తెలుసా? ప్రార్థనలో కూర్చుంటే ముందు దీని పేరే వచ్చేది. తవుడిచ్చి కొన్నానని ప్రభువుకి చెప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు."

"భయపడాల్సింది నేను" అన్న ఆనాటి మాటలు నాకు ధైర్యం చెప్పడానికి అన్నవని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆవిడ నిజంగానే భయపడ్డారు. నా భయం ఎక్కడికీ పోలేదు, గోడకి అవతల ఆవిడ దగ్గర ఉంది.

"మరి చెప్పలేదేమండీ?"

"చెబితే నీ దగ్గరికే వచ్చేసేది కదమ్మా." తవుడు గుప్పెడు తీసి చూసుకుని, మళ్ళీ చేటలో వదిలేశారు. "సరే, తీసుకుపో. పిల్ల నీది. దాని భయం కూడా నీదే. ఇప్పుడు మొయ్యగలవులే."

తరువాత ఎన్నాళ్ళో లేరు ఆవిడ. ఏలూరులో సమాధి మీద కృప తనే పూలు పెట్టింది.

మొన్న కాలేజీ గేటు దగ్గర కృపకి గొడుగు ఇస్తుంటే అది దగ్గింది. నా చెయ్యి దానంతటదే వెళ్ళి దాని నుదుటి మీద ఆగింది. స్నేహితురాళ్ళు చూస్తున్నారని అది సిగ్గుపడిపోయింది.

"చిన్న దగ్గేనమ్మా. దీనికి కూడా అంత భయమా నీకు?"

"తవుడిచ్చి కొనుక్కున్నానే," అన్నాను.