ఇరవై మూడో బిళ్ళ

మా పూర్వ విద్యార్థుల సంఘం గదిలోకి మొదటిసారి వెళ్ళిన రోజు నాకు నవ్వొచ్చింది. మంచిర్యాలలో చర్చి బడి వెనక చిన్న గది అది. పుస్తకాల బీరువా, పాత గ్రూప్ ఫోటోలు ఉంటాయనుకున్నాను. చూస్తే గోడకు ఒక చెక్క పలక, దాని మీద వరుసగా కొక్కేలు, కొక్కేలకు ఇత్తడి బిళ్ళలు, ఒక్కో బిళ్ళ మీద ఒక అంకె.

"ఇది సంఘమా సార్, బాయి గేటా?" అని అడిగాను. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు.

అధ్యక్షులు నొచ్చుకోలేదు. "రెండూ ఒకటే బిడ్డా," అన్నారు.

ఆయన బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. షిఫ్టులు చేస్తూనే దూరవిద్యలో డిగ్రీ, ఆ తర్వాత ఎం.ఏ. పూర్తి చేశారు. కార్యదర్శి మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసినావిడ, ఊరంతటికీ సిస్టరమ్మ. ఇద్దరూ హైదరాబాద్‌లోని మా యూనివర్సిటీలో చదివినవాళ్ళే. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి అక్కడికి వెళ్ళే పిల్లలను చూసుకోవడం ఈ శాఖ పని. నేను పెద్దపల్లిలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. ఆదివారాలు రైలెక్కి వచ్చి చేతనైన సాయం చేసేదాన్ని. నా నోటిదురుసును వాళ్ళు భరించేవారు.

బిళ్ళల పద్ధతి అధ్యక్షులు గని నుంచి తెచ్చింది. బాయి దిగేవాడు తన బిళ్ళ తీసుకుని దిగుతాడు, పైకొచ్చాక తన చేత్తోనే కొక్కేనికి తగిలిస్తాడు. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలున్నట్టు. మా పిల్లలూ అంతే. చదువుకు వెళ్ళేటప్పుడు బిళ్ళ తీసుకుపోవాలి, సెలవులకు వచ్చిన మూడు రోజుల్లో వచ్చి తగిలించాలి. మూడో రోజుకు కొక్కెం ఖాళీగా ఉంటే వీళ్ళిద్దరూ బస్సెక్కి ఆ పిల్ల ఇంటికో, ఆ పిల్లవాడి ఇంటికో పోతారు. ఎవరైనా పారేసుకుంటారేమోనని ప్రతి అంకెకూ ఒక జోడు బిళ్ళ సొరుగులో ఉండేది. చేతిలో ఫోన్ లేని పిల్లలున్నారా ఈ రోజుల్లో? నాకదంతా చాదస్తంగా కనబడేది.

ఆ ఏడు మొదటి సెమిస్టర్ సెలవులప్పుడు అధ్యక్షులకు కంటి ఆపరేషన్ అయింది. సిస్టరమ్మ చర్చి మహిళల సభలకు వెళ్ళారు. గది నాకు అప్పగించారు. మూడో రోజు ఆదివారం. సాయంత్రానికి అన్ని బిళ్ళలూ ఎక్కాయి, ఇరవై మూడు తప్ప. అది లక్సెట్టిపేట దగ్గరి పల్లె అమ్మాయిది, ఎమ్మెస్సీ మొదటి ఏడాది. కూలికి పోయే ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి.

ఫోన్ చేశాను.

"ఇంటికొచ్చిన మేడం. జర జొరమొచ్చింది. తగ్గినంక వచ్చి బిళ్ళ పెడ్త," అంది.

గొంతు నీరసంగానే ఉంది. ఇంకేం కావాలి? నా రైలుకు అరగంటే ఉంది. సొరుగు తీసి జోడు బిళ్ళను కొక్కేనికి తగిలించాను. పలక నిండుగా కనబడింది. పని అయిపోయిందని తాళం వేసి వచ్చేశాను.

మరుసటి ఆదివారానికి సిస్టరమ్మ సభల నుంచి తిరిగొచ్చారు. అధ్యక్షులు నల్ల కళ్ళద్దాలతో వచ్చారు. ఆపరేషనైన కన్ను ఇంకా పూర్తిగా తేరుకోలేదు. అయినా పలక ముందు నిలబడి నేరుగా ఇరవై మూడు మీద వేలు పెట్టారు.

"గిది మెరుస్తున్నదేంది?"

నిజమే. మిగతావన్నీ పిల్లల సంచుల్లో, జేబుల్లో తిరిగి నల్లబడ్డాయి. ఇదొక్కటే కొత్త చెంబులా ఉంది. జరిగింది చెప్పాను.

"పిల్లను చూసినవా?"

"ఫోన్‌ల మాట్లాడిన సార్."

"నేనడిగింది అది కాదు బిడ్డా."

ఆయన కోప్పడితే బాగుండేది, నేనూ ఒకటి అనేదాన్ని. ఆయన కుర్చీలో కూర్చుని మెల్లగా చెప్పారు. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో జోడీగా పనిచేసే దోస్తు, నువ్వు నడువు, వెనకాలే వస్తున్నానని తన బిళ్ళ ఈయన చేతికిచ్చాడట. సాయమే కదా అని ఈయన రెండూ తగిలించి ఇంటికి పోయారట. కొక్కేలు నిండుగా ఉన్నాయి, ఎవరూ వెతకలేదు. పైకప్పు రాయి పడి ఆ మనిషి లోపలే ఉన్నాడు. తర్వాతి షిఫ్టువాళ్ళు దిగాకే దొరికాడు.

"బతికిండా?" అన్నాను.

"బతికిండు. కాలు పోయింది. అదే పూట వెతికితే కాలు దక్కేదన్నడు డాక్టర్."

ఆయన లేచి చెప్పులేసుకున్నారు. సిస్టరమ్మ అప్పటికే చేతిసంచి భుజానికి తగిలించుకున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ మాట నాలాంటివాళ్ళను చూసే పుట్టి ఉంటుంది. వాళ్ళ వెనకే నడిచాను.

లక్సెట్టిపేటలో బస్సు దిగి ఆటోలో పల్లె చేరాం. అమ్మాయి వాళ్ళ అవ్వ, అంటే అమ్మ, వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. మమ్మల్ని చూసి మొహం విప్పారింది.

"నా బిడ్డ మంచిగున్నదా సారూ? సెలవులిచ్చినా పరీక్షలున్నయని హాస్టల్లనే ఉన్నది గద."

హాస్టల్లో లేదు, సెలవులకు హాస్టల్ మూసేస్తారు. ఇంట్లోనూ లేదు. పది రోజులుగా ఆ పిల్ల ఎక్కడుందో ఎవరికీ తెలియదు. రెండో సెమిస్టర్‌కు పేరు నమోదు చేసుకోవడానికి బుధవారం ఆఖరు. అది దాటితే ఏడాది పోతుంది. ఏడాది పోతే ఈ ఇంట్లో మళ్ళీ చదువు మాట ఎత్తరు.

నేను నోరు తెరిచేలోపు సిస్టరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "మంచిగనే ఉంటది అవ్వా. ఇటు దిక్కు వచ్చినం, ఏమన్న పంపేదుంటే ఇయ్యి, తీస్కపోతం," అన్నారు. ఆ తల్లి సంబరంగా రెండు జతల బట్టలు, ఒక డబ్బా నిండా మురుకులు తెచ్చిచ్చింది.

రోడ్డెక్కాక అధ్యక్షులు ఆమె వైపు చూశారు. "చర్చికి పోయేదానివి, అబద్ధమాడితివి గదనే చెల్లే."

"ఏం అబద్ధమాడిన? ఉంటదన్న, ఉన్నదన్ననా?" అని ఆమె ఫోన్ తీశారు. నేనైతే ఎక్కడున్నావు, ఎందుకిట్లా చేశావని మొదలుపెట్టేదాన్ని. ఆమె అన్నది ఒక్కటే మాట.

"బిడ్డా, మీ అవ్వ మురుకులిచ్చింది. యాడికి తేవాలె?"

అవతల ఏడుపు వినిపించింది. ఏడుపు మధ్యలో ఆదిలాబాద్ అన్న మాట వినిపించింది.

జన్నారం, ఉట్నూరు మీదుగా అడవి దారిలో బస్సులో మూడు గంటలకు పైనే కూర్చున్నాం. అధ్యక్షులు దుమ్ము పడకుండా కంటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నేను కిటికీ వైపు మొహం తిప్పుకుని సిగ్గుపడ్డాను. తప్పు నాది. తిరుగుడు మాత్రం డెబ్బై దగ్గరపడ్డ వీళ్ళది. ఇద్దరిలో ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. వీళ్ళు ఏ మట్టితో చేసిన మనుషులో నాకు ఇప్పటికీ అంతుచిక్కదు.

అమ్మాయి స్నేహితురాలి చిన్నమ్మ నడిపే కుట్టుపని దుకాణంలో ఉంది. చీరకు ఫాల్ కుడుతూ మమ్మల్ని చూసి లేచి నిలబడింది. రెండు సబ్జెక్టుల్లో తప్పిందట. ఇక కాలేజీకి రానివ్వరనుకుందట.

"పదో తరగతిల ఫెయిలైతే ఆగిపోవాలె గద మేడం," అంది నాతో.

యూనివర్సిటీలో అలా కాదని, పై సెమిస్టర్ చదువుతూనే మళ్ళీ రాసుకోవచ్చని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళింట్లో తెలిసినవాళ్ళు లేరు. తెలిసిన నేను ఫోన్‌లో జ్వరానికి మాత్ర పేరు చెప్పి పెట్టేశాను.

"రెండేనా?" అన్నారు అధ్యక్షులు. "నేను నాలుగింట్ల తప్పిన. పిల్లలు పుట్టినంక."

అమ్మాయి నవ్వబోయి ఏడ్చింది. సంచిలోంచి బిళ్ళ తీసి, చెల్లనిదాన్ని తిరిగిచ్చినట్టు ఆయన ముందు పెట్టింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"నాకెందుకిస్తవు? అది నీ చేత్తోనే ఎక్కాలె."

సోమవారం మంచిర్యాలలో నేను ముందు నా మెరిసే బిళ్ళను దించాను. అమ్మాయి తనది తగిలించింది. అందరం ఒక నిమిషం దాన్ని చూశాం. తర్వాత మళ్ళీ తీసుకుని సంచిలో వేసుకుంది. సిస్టరమ్మ ఆమెతో పాటే రైలెక్కారు, మంగళవారం పేరు నమోదు చేయించి వచ్చారు. మురుకుల డబ్బా హాస్టల్‌కు చేరింది. తప్పిన సంగతి వాళ్ళ అవ్వకు అమ్మాయే ఫోన్‌లో చెప్పుకుంది. అది సిస్టరమ్మ పెట్టిన ఒకే ఒక్క షరతు.

ఎండాకాలం సెలవులకు అందరికన్నా ముందు వచ్చి బిళ్ళ తగిలించింది ఇరవై మూడే. ఆ రెండూ పాసయ్యానని చెప్పి వెళ్ళింది. మూడో రోజు ఏదో పనుందంటూ మళ్ళీ వచ్చింది. పలక ముందు నిలబడి, పదకొండో కొక్కెం ఖాళీగా ఉందేమని నన్నడిగింది.

"ఆసిఫాబాద్ పిలగాడు. పొద్దుగాల ఫోన్ చేసిన, ఇంట్లనే ఉన్న అన్నడు," అన్నాను.

"చూసినరా మేడం?"

ఆ పిల్ల సంచి భుజానికి తగిలించుకుని ఆసిఫాబాద్ బస్సు ఎన్నింటికని అడిగింది. అధ్యక్షులు లేవబోయారు. నేను ఆయనను కూర్చోబెట్టి, నా చెప్పులేసుకుని ఆమె వెంట నడిచాను.